సైబరాబాద్ ఐటీ కారిడార్: భద్రతా సెన్సర్ల అమరికలో మెషీన్ లెర్నింగ్

చేతిలో ఉన్న కెమెరాలు కొన్నే, చూడాల్సిన చోట్లు ఎన్నో. వాటిని ఏ స్తంభానికి, ఎంత ఎత్తున, ఏ దిక్కుకు తిప్పి బిగించాలన్నదే సెన్సర్ల అమరిక సమస్య. కెమెరాలతో పాటు రాడార్లు, లైడార్లు, మైకులు, ప్రహరీ కంచెకు కట్టే కంపన సెన్సర్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అనుభవమున్న పోలీసు అధికారో, కెమెరాలు బిగించే మేస్త్రీయో కంటితో చూసి తేల్చే ఈ పనికి మొదట గణితం, ఆ తర్వాత మెషీన్ లెర్నింగ్ తోడయ్యాయి. హైదరాబాద్ పడమటి కొసన మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఐటీ కారిడార్ ఈ విద్యను అర్థం చేసుకోవడానికి మంచి నమూనా. రాతిగుట్టలు, గాజు మేడలు, మెట్రో స్తంభాలు, రాత్రి షిఫ్టులు, ఏటేటా పుట్టుకొచ్చే వంతెనలు అన్నీ ఇక్కడ ఒకేచోట దొరుకుతాయి. స్తంభాలను ఎంచిపెట్టడం కంప్యూటర్‌కు నేర్పవచ్చు. వాటి కింద ఏమి కనబడాలో మాత్రం ఎవరో ఒక మనిషి చెప్పాలి. చిక్కంతా అక్కడే.

నేల, కట్టడాలు

హైటెక్ సిటీ అనగానే గాజు గోడలు గుర్తుకొస్తాయి గానీ కెమెరాకు ముందుగా అడ్డుపడేది రాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద ఈ ప్రాంతం నిలబడింది. గుట్టలు పగలగొట్టి వేసిన రోడ్లు కావడంతో మ్యాపులో తిన్నగా కనబడే దారి కాళ్లకు దిగుడూ ఎక్కుడూగా తగులుతుంది. ఒక కూడలిలో నిలబెట్టిన కెమెరాకు పల్లంలో ఉన్న బస్టాపు కనబడకపోవడానికి కారణం అదే. కాబట్టి ఇక్కడ ఏ అమరిక లెక్కకైనా సాదా మ్యాపు చాలదు, నేల ఎత్తుల వివరం కావాలి.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు. ఆ గుండ్రటి భవనం చుట్టూ రాళ్లు, పొదలు తప్ప పెద్దగా ఏమీ లేని రోజులవి. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ, 2001లో ఐఎస్‌బీ గచ్చిబౌలి వైపు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన మార్పులు అమరిక కోణం నుంచి చూస్తే ఒక్కొక్కటీ ఒక కొత్త అడ్డం, ఒక కొత్త జనప్రవాహం. 2018 ఆగస్టు 9న ఐకియా దుకాణం తెరవగానే ఆ కూడలి పేరే మారిపోయింది. 2019 మార్చి 20న మెట్రో హైటెక్ సిటీ దాకా, నవంబరు 29న రాయదుర్గం దాకా వచ్చింది. మెట్రో స్తంభాల నంబర్లు నగరవాసులకు చిరునామాలయ్యాయి, కెమెరాలకు మాత్రం అవి వరసగా నిలబడ్డ గుడ్డి గీతలు. రోడ్డు దాటే మనిషి ఒక స్తంభం వెనక మాయమై తర్వాతి స్తంభం పక్కన తేలుతాడు. అతడు ఆ మనిషేనా అన్నది కంప్యూటర్ మళ్లీ మొదటినుంచి గుర్తుపట్టుకోవాలి. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు తీగల వంతెన తెరిచాక జూబ్లీహిల్స్ నుంచి వచ్చే వాహనాల దారే మారింది. సాయంత్రం ఎండ గాజు మేడల మీద పడి రోడ్డు మీదికి తిరిగొచ్చే వేళ కెమెరాకు కళ్లు బైర్లు కమ్మే సంగతి ఈ దారుల్లో బండి నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కెమెరాలు వచ్చిన దారి

2007లో మక్కా మసీదు, లుంబినీ పార్కు, గోకుల్ చాట్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఈ పేలుళ్లే నగరంలో కెమెరాల చరిత్రను నడిపాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది, లేదా రోజులో 500 మంది వచ్చిపోయే ఏ సంస్థ అయినా సీసీ కెమెరాలు పెట్టాలి, రికార్డును 30 రోజులు దాచాలి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఆ చట్టాన్ని కొనసాగించింది. ‘నేను సైతం’ పేరుతో పోలీసులు నడిపిన కార్యక్రమంలో కాలనీవాసులు, వ్యాపారులు తలా ఇంత వేసుకుని కెమెరాలు పెట్టించారు. ఐటీ కారిడార్‌లో కంపెనీలు, పోలీసులు కలిసి ఏర్పాటు చేసుకున్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఉంది. మహిళా ఉద్యోగుల కోసం షీ షటిల్ బస్సులు నడిపింది ఈ సంస్థే. 2016లో రాచకొండ ప్రత్యేక పోలీసు కమిషనరేట్‌గా వేరుపడ్డాక ఈ పడమటి భాగం సైబరాబాద్ కమిషనరేట్‌కు గుండెకాయ అయింది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పోలీసు ఇంటిగ్రేటెడ్ కమాండ్ అండ్ కంట్రోల్ సెంటర్‌ను ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు ప్రారంభించారు. వేర్వేరు చోట్ల కెమెరాలను ఒకే గోడ మీద చూసే వీలు దానితో వచ్చింది.

2020లో కంపారిటెక్ అనే సంస్థ ప్రపంచ నగరాలను పోల్చి హైదరాబాద్‌కు 16వ స్థానం ఇచ్చింది. దాని లెక్కలో నగరంలో కెమెరాలు సుమారు 3 లక్షలు, అంటే ప్రతి వెయ్యిమందికి దాదాపు 30. ఈ అంకె చూసి గర్వపడినవాళ్లూ ఉన్నారు, ఉలిక్కిపడినవాళ్లూ ఉన్నారు. అమరిక శాస్త్రం దృష్టిలో మాత్రం సంఖ్య ఒక్కటే చెప్పేది స్వల్పం. చందా ఇచ్చినవాడి గేటు ముందు ఒకటి, చట్టం అడిగింది కాబట్టి దుకాణం గల్లా మీద ఒకటి, వంతెన కాంట్రాక్టులో భాగంగా ఒకటి. ఇలా పోగైన మూడు లక్షలు, ఒక ప్రణాళిక ప్రకారం పెట్టిన ముప్పై వేలు చూసేంత చూడకపోవచ్చు. డబ్బూ కరెంటూ ఎక్కడ దొరికితే కెమెరా అక్కడికే పోతుంది. అవసరం ఎక్కడుందో ఆ తర్వాత తెలుస్తుంది.

లెక్కకు మూలాలు

ఈ సమస్యకు తొలి రూపం ఒక ఆటలాంటి ప్రశ్న. 1973లో విక్టర్ క్లీ అనే గణితవేత్త అడిగాడు: ‘n’ గోడలున్న వంకరటింకర చిత్రశాలలో ప్రతి మూలా కనబడాలంటే ఎంతమంది కాపలాదార్లు కావాలి? 1975లో వాట్స్లావ్ చ్వాటల్ జవాబు చెప్పాడు. గోడల సంఖ్యను మూడుతో భాగిస్తే వచ్చే పూర్ణాంకం ఎప్పుడూ చాలు. మూడేళ్లకు స్టీవ్ ఫిస్క్ దాన్నే మూడు రంగులతో అరపేజీలో రుజువు చేశాడు. అయితే ‘చాలు’ వేరు, ‘ఇంతకన్నా తక్కువతో కుదరదు’ వేరు. ఒక ఫలానా భవనానికి కనీస సంఖ్య తేల్చడం కంప్యూటర్‌కు కూడా లొంగని రకం సమస్య అని 1986లో తేలింది.

దీన్ని కారిడార్‌లోని మైండ్‌స్పేస్ ఐటీ పార్కు చుట్టుపక్కలకు తెచ్చి చూద్దాం. కెమెరా తగిలించడానికి పనికొచ్చే స్తంభాలు 200 ఉన్నాయనీ, కొన్న కెమెరాలు 20 అనీ అనుకుందాం. ఏ ఇరవై స్తంభాలు? ఎంచుకునే మార్గాల సంఖ్య ఒకటి పక్కన 27 సున్నాలు పెడితే వచ్చేదానికన్నా ఎక్కువ. సెకనుకు వందకోట్ల మార్గాలు సరిచూసినా విశ్వం వయసు చాలదు.

అదృష్టవశాత్తూ ఒక అడ్డదారి ఉంది. ఆకలి మీద తిన్న మొదటి ఇడ్లీ ఇచ్చే తృప్తి ఐదో ఇడ్లీ ఇవ్వదు. కెమెరాలూ అంతే. ఒక కూడలిలో మొదటిది చూపేదంతా కొత్తది, రెండోది చూపేదాంట్లో సగం పాతది. ఈ గుణం ఉన్న సమస్యల్లో ‘ప్రతిసారీ ఎక్కువ కొత్త చోటు చూపే స్తంభాన్నే ఎంచుకుంటూ పో’ అనే ఆశపోతు పద్ధతి బాగా పనిచేస్తుంది. పై ఉదాహరణలో 3,810 పోలికలతో పని ముగుస్తుంది. ఫలితం అత్యుత్తమ అమరికలో కనీసం 63 శాతానికి తగ్గదని 1978లో నెమ్‌హౌసర్, వోల్సీ, ఫిషర్ నిరూపించారు. ఇంతకన్నా మంచి హామీ ఇచ్చే వేగవంతమైన పద్ధతి దాదాపు అసాధ్యమని 1998లో ఊరియల్ ఫైగీ చూపాడు. ఆచరణలో ఈ ఆశపోతు చాలాసార్లు 63 కన్నా ఎంతో మెరుగ్గా తేలుతుంది. ఇవాళ కృత్రిమ మేధ పేరు తగిలించి అమ్ముతున్న అమరిక సాఫ్ట్‌వేర్లలో కొన్నింటి మూటవిప్పితే లోపల దొరికేది ఇదే.

సి.ఆర్. రావు గీసిన హద్దు

గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనుంచి పోయే దారికి ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్ అని పేరు. ఆ ప్రాంగణంలోనే ఆయన పేరిట గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్ర సంస్థ కూడా ఉంది. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. పాతికేళ్ల ప్రాయంలో, 1945లో రాసిన ఒక పత్రంలో ఒక హద్దును గీశారు. దొరికిన కొలతల నుంచి ఒక రాశిని అంచనా వేసేటప్పుడు ఎంత తెలివిగా లెక్క కట్టినా పొరపాటు ఒక స్థాయికన్నా తగ్గదు. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే తేల్చడంతో అది క్రామర్-రావు హద్దుగా ప్రసిద్ధమైంది.

సెన్సర్ల అమరికకు ఇది నేరుగా పనికొస్తుంది. ఒక పెద్ద చప్పుడు ఎక్కడ పుట్టిందో మూడు నాలుగు మైకులతో కనిపెట్టాలనుకుందాం. మైకులన్నీ రోడ్డు వెంబడి ఒకే గీత మీద ఉంటే చప్పుడు రోడ్డుకు కుడివైపు వచ్చిందో ఎడమవైపు వచ్చిందో చెప్పడం ఎవరివల్లా కాదు. అద్దంలో బొమ్మలా రెండు జవాబులూ సరిపోతాయి. ఒక మైకును గీతకు పక్కగా జరిపితే చిక్కు విడిపోతుంది. ఎక్కడికి జరిపితే పొరపాటు హద్దు ఎంత తగ్గుతుందో క్రామర్-రావు సూత్రం బిగించకముందే చెబుతుంది. రాడార్లు, లైడార్లు, మనిషి కదలికను పసిగట్టే వైర్‌లెస్ పరికరాలు అమర్చేవాళ్లు నేటికీ దీన్నే కొలబద్దగా వాడుతున్నారు. రావు 2023 ఆగస్టు 22న, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకు సాంఖ్యక శాస్త్రంలో అంతర్జాతీయ పురస్కారం దక్కింది. ఆయన పేరున్న రోడ్డు మీద కెమెరా బిగించేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

‘కనబడటం’ అంటే ఏమిటి

కవరేజీ మ్యాపుల్లో రంగు పూసిన భాగమంతా కెమెరా చూస్తుందని అనుకోవడం పెద్ద పొరపాటు. అంతర్జాతీయ ప్రమాణం 62676లోని నాలుగో భాగం చూపును మెట్లుగా విడదీస్తుంది. అక్కడెవరో ఉన్నారని పసిగట్టడానికి దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు చాలు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలి. ముక్కూమొహం తెలియనివాణ్ణి నిర్ధారించడానికి 250 ఉండాలి.

అడ్డంగా 1,920 పిక్సెళ్లున్న మామూలు కెమెరాకు 90 డిగ్రీల విశాలమైన లెన్సు పెట్టారనుకుందాం. పసిగట్టే చూపు 38 మీటర్ల దాకా పోతుంది. మనిషిని నిర్ధారించే చూపు మాత్రం 3.84 మీటర్లకే ఆగిపోతుంది. ఇప్పుడు ఆ కెమెరాను ఆరు మీటర్ల స్తంభం మీదికి ఎక్కించండి. కింద నడిచే మనిషి ముఖం దానికి నిలువునా నాలుగున్నర మీటర్ల దిగువన ఉంటుంది. అంటే స్తంభం కిందే నిలబడ్డా ఆ మనిషి ఎవరో ఆ కెమెరా ఎన్నటికీ చెప్పలేదు. లెన్సును 30 డిగ్రీలకు ఇరుకు చేస్తే నిర్ధారణ 14 మీటర్ల దాకా సాగుతుంది గానీ రోడ్డులో చాలా భాగం దృశ్యం నుంచి జారిపోతుంది. ‘మా కూడలిలో నాలుగు కెమెరాలున్నాయి’ అన్న మాటకు దేనికోసం అని ఎదురు ప్రశ్న వేయాల్సింది ఇందుకే. ట్రాఫిక్ సిగ్నల్ దాటిన బండి నంబరు పట్టాలా, జనం గుమిగూడటం తెలియాలా, రాత్రి పదకొండుకు షిఫ్టు దిగి క్యాబ్ కోసం నిలబడ్డ అమ్మాయి ఒంటరిగా ఉందని తెలియాలా? మూడింటికీ మూడు వేర్వేరు ఎత్తులు, కోణాలు, లెన్సులు.

మెషీన్ లెర్నింగ్ చేసే పని

ఇక్కడిదాకా చెప్పినదంతా రేఖాగణితం. మెషీన్ లెర్నింగ్ దానికి మూడు చోట్ల తోడవుతుంది.

మొదటిది బరువుల పటం. ప్రతి చదరపు మీటరూ సమానం కాదు. ఏ వేళలో ఏ చోటు ముఖ్యమో పాత ఘటనలు, జనసంచారం, వెలుతురు, బస్సుల వేళల నుంచి నేర్చుకుని ప్రతి చోటుకూ ఒక బరువు కట్టడం దాని పని. ఆశపోతు పద్ధతి ఆ బరువుల మీద నడుస్తుంది. ఐటీ కారిడార్‌లో మధ్యాహ్నం బరువు, అర్ధరాత్రి బరువు పూర్తిగా వేరు. పగటి లెక్కతో కెమెరాలు పెడితే ఫుడ్ కోర్టుల చుట్టూ మూగుతాయి, రాత్రి లెక్కతో పెడితే హాస్టళ్లకు పోయే సందుల్లోకి చేరతాయి.

రెండోది చూపు నాణ్యత అంచనా. ఫలానా స్తంభం మీద, జోరువానలో, ఎదురు హెడ్‌లైట్ల మధ్య, మనిషిని గుర్తించే సాఫ్ట్‌వేర్ ఎంత బాగా పనిచేస్తుంది? యూరప్ వీధుల బొమ్మలతో నేర్చుకున్న మోడల్‌కు ఆటో తెలియదు, ఒకే స్కూటర్ మీద నలుగురు తెలియదు, రోడ్డు మధ్య పడుకున్న ఆవు తెలియదు. ఈ కొరత తీర్చడానికి గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్ల రోడ్ల మీద 182 ప్రయాణాల్లో తీసిన 10,000 పైచిలుకు బొమ్మలను 34 తరగతులుగా గుర్తులు పెట్టి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ పేరుతో విడుదల చేశారు. అది వాహనాల కోసం చేసిన పని. అయినా స్తంభం మీది కెమెరాకూ అదే వీధి, అదే గందరగోళం కాబట్టి ఇక్కడి దృశ్యాలను చదివే మోడళ్లకు అది పునాది.

మూడోది వెతుకులాట. జెనెటిక్ అల్గారిథమ్‌లు, రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ వంటివి వేల అమరికలను ఊహాలోకంలో పెట్టి చూసి మెరుగుపరుస్తాయి. కెమెరా తిరిగే కోణం, జూమ్, ఎత్తు, అన్నీ ఒకేసారి తేల్చాల్సినప్పుడు ఇవి పనికొస్తాయి. రెండు వందల స్తంభాల కూడలికి మాత్రం ఈ ఆర్భాటం దండగ. ఆశపోతు పద్ధతే అరగంటలో జవాబిచ్చి పక్కకు తప్పుకుంటుంది.

కెమెరాలు కాని సెన్సర్ల విషయంలో 2005లో కార్లోస్ గెస్ట్రిన్, ఆండ్రియాస్ క్రౌజ్ తదితరులు ఒక పాత ఆలోచనను సరిదిద్దిన తీరు విలువైనది. ఆ ఆలోచన ఇది: ఇప్పుడున్న సెన్సర్ల కొలతల నుంచి ఊహించగలిగిన చోట కొత్త సెన్సర్ వద్దు, ఊహకు అందని చోటే పెట్టు. వినడానికి తేలికే. కానీ దీన్ని అమాయకంగా పాటిస్తే సెన్సర్లన్నీ ప్రహరీ గోడల దగ్గరికి పారిపోతాయి. అంచుల్లో అనిశ్చితి ఎక్కువ కదా! సగం చూపు కాంపౌండు బయట వృథా అవుతుంది. అందుకే వారు ‘చూడని చోటు గురించి ఎంత చెబుతుంది’ అనే కొలతను ప్రతిపాదించారు. రెండేళ్లకు ఈ బృందమే తాగునీటి గొట్టాల్లో విషం కలిస్తే త్వరగా పసిగట్టే సెన్సర్లను అమర్చే వేగవంతమైన పద్ధతిని చూపింది. పెద్ద క్యాంపస్‌లలో పొగ, ఉష్ణోగ్రత, కంపన సెన్సర్లకు ఈ దారే నప్పుతుంది.

దొంగ కూడా లెక్క వేస్తాడన్న సంగతి పై పద్ధతుల్లో లేదు. కెమెరా ఎటు చూస్తుందో తెలిసినవాడు రెండో గేటు నుంచి వస్తాడు. ఈ ఎత్తుకు పైఎత్తుల గణితాన్ని మిలింద్ తంబే బృందం 2007లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో తనిఖీలకు వర్తింపజేసింది. ఏ వేళ ఎక్కడ తనిఖీ జరుగుతుందో ముందే ఊహకు అందకుండా చేయడం దాని కిటుకు. స్థిరంగా బిగించిన కెమెరాకు ఈ సౌకర్యం లేదు. తిరిగే కెమెరాల చూపు క్రమాన్నీ, గస్తీ వేళలనూ మాత్రం ఇలా మార్చవచ్చు.

పోల్, కరెంటు, చెట్టు

గణితం సూచించిన చోటికి మనిషి వెళ్లి చూస్తే అక్కడ పోల్ ఉండదు. ఉంటే కరెంటు ఉండదు. రెండూ ఉంటే ఫైబర్ కేబుల్ కోసం రోడ్డు తవ్వాలి. అందుకే మంచి లెక్కలో ప్రతి స్తంభానికీ ఖర్చు కూడా రాసి, రూపాయికి ఎంత చూపు దొరుకుతుందో చూసి ఎంచుతారు. ఒక కెమెరా చెడితే కూడలి మొత్తం చీకటి కాకుండా ముఖ్యమైన చోట్లను కనీసం రెండేసి కెమెరాలు చూసేలా షరతు పెడతారు. చెట్లది వేరే కథ. ఎండాకాలంలో సర్వే చేసి బిగించిన కెమెరాకు రెండు వానాకాలాలు గడిచేసరికి ఆకులే కనబడతాయి. చెట్టు పెరుగుదలను లెక్కలో చేర్చడం కష్టమేమీ కాదు గానీ చేర్చాలని తోచడం కష్టం. తోచకపోతే గొడ్డలి వేటు చెట్టు మీదే పడుతుంది.

డేటా మారిపోతే

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. లక్షలమంది ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊళ్లకు పోయారు. కారిడార్ ఖాళీ అయింది. అంతకుముందు ఏడాది జనసంచారంతో నేర్చుకున్న ఏ బరువుల పటానికైనా ఆ రోజుల్లో అర్థం లేదు. రద్దీ చోట్లు నిర్మానుష్యమయ్యాయి, కాపలా తగ్గిన ఖాళీ మేడల వెనక దారులకు బరువు పెరిగింది. తర్వాత వారానికి మూడు రోజుల ఆఫీసు వచ్చాక మంగళవారం జనం వేరు, శుక్రవారం జనం వేరు. దీనికి విరుగుడు ఒకే అంచనాను నమ్ముకోకుండా పదిరకాల రోజులను ఊహించి, వాటిలో అన్నిటికన్నా చెడ్డ రోజున కూడా చెప్పుకోదగ్గ చూపునిచ్చే అమరికను ఎంచుకోవడం. సగటున కొంచెం నష్టపోయినా ఆపద రోజున మిగిలేది అదే.

ఇంకో మార్పు మోడల్ స్వయంగా తెచ్చిపెట్టేది. కెమెరా ఉన్నచోట ఘటనలు ఎక్కువ నమోదవుతాయి. నమోదైనవి చూసి మోడల్ ఇంకో కెమెరా అక్కడే అడుగుతుంది. అమెరికాలోని ఓక్లండ్ పోలీసు రికార్డుల మీద 2016లో క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్ చేసిన అధ్యయనం ఈ గానుగెద్దు తిరుగుడును స్పష్టంగా చూపింది. ఫిర్యాదు చేయనివాళ్ల వీధి ఆ లెక్కలో ఎప్పటికీ ప్రశాంతమైన వీధే. కారిడార్‌లో ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, నిర్మాణ కూలీలు ఉండే బస్తీలకు ఇది వర్తిస్తుంది. వాళ్ల ఇళ్లల్లో జరిగే దొంగతనాలు స్టేషన్ దాకా రావడం అరుదు.

అదే లెక్క ఎదుటివైపు నుంచి

హైదరాబాద్‌లో కెమెరాల చూపును గణితంతో కొలిచి బహిరంగంగా ప్రకటించినవారిలో హక్కుల సంస్థలు ముఖ్యమైనవి. 2021 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, ఆర్టికల్ 19 కలిసి పాతబస్తీలోని కాలాపత్తర్, కిషన్‌బాగ్ ప్రాంతాల సర్వే ఫలితాలు వెల్లడించాయి. బయట కనబడే కెమెరాల స్థానాలు గుర్తించి, వాటి చూపు మేర అంచనా కట్టి చూస్తే, సుమారు 5.3 లక్షల చదరపు మీటర్ల కాలాపత్తర్ భాగంలో 53.7 శాతం, 5.1 లక్షల చదరపు మీటర్ల కిషన్‌బాగ్ భాగంలో 62.7 శాతం కెమెరాల కింద ఉన్నట్టు తేలింది. ఇంజనీరు ఇదే శాతాన్ని పెంచాలని చూస్తాడు. ఈ సంస్థలు అదే శాతాన్ని ఒక హెచ్చరికగా ముందుపెట్టాయి. సూత్రం ఒక్కటే, దాని ముందున్న గుర్తు ఒకరికి ప్లస్, ఒకరికి మైనస్.

పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018 నుంచి ముఖాలను పోల్చే సౌకర్యం ఉంది. ముఖ గుర్తింపును సవాలు చేస్తూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే వీలు ఉంచింది. ఈ చర్చలో సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ, లెన్సు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పైన చూసిన పిక్సెళ్ల లెక్క ప్రకారం ముఖం పట్టుబడుతుందా లేదా అన్నది ముందుగా స్తంభం ఎత్తు, లెన్సు కోణం నిర్ణయిస్తాయి. మీటరుకు 60 పిక్సెళ్లకు మించని అమరికతో జనం రద్దీ తెలుస్తుంది, మనిషి ఎవరో తెలియదు. అలాంటి అమరికను కావాలనే ఎంచుకోవచ్చు. ఇళ్ల కిటికీలు, బాల్కనీలు, ప్రార్థనా స్థలాల ద్వారాలు చూపులోకి వస్తే మార్కులు తగ్గించేలా లెక్కను రాయవచ్చు. గోప్యతను కెమెరా బిగించాక అతికించే మాస్కుగా కాక, బిగించే ముందే లెక్కలో ఒక పదంగా పెట్టడమంటే ఇదే.

ఫలితాల మదింపు

కెమెరాల వల్ల నేరాలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు నలభై ఏళ్ల పరిశోధనలను కూడగట్టి 2019లో ఎరిక్ పీజా, బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్ తదితరులు ఇచ్చిన జవాబు ఇది: కెమెరాలున్న ప్రాంతాల్లో, లేని ప్రాంతాలతో పోలిస్తే, తగ్గుదల సుమారు 13 శాతం. అందులోనూ ఎక్కువ మేలు వాహనాల పార్కింగ్ స్థలాల్లో. ఐటీ కారిడార్‌కు ఇది పనికొచ్చే కబురే, ఇక్కడ సెల్లార్లకు కొదవ లేదు. నేరం జరిగాక దర్యాప్తుకు ఫుటేజీ అందించడం వేరే ప్రయోజనం, దాన్ని వేరుగా కొలవాలి.

అనుకోని ప్రయోజనం మరొకటి ఉంది. 2019 నవంబరు 4న తెరిచిన బయోడైవర్సిటీ వంతెన మీదనుంచి నవంబరు 23న ఒక కారు అదుపుతప్పి కింద రోడ్డు మీద పడింది. కింద ఉన్న ఒక మహిళ మరణించారు. ఆ దృశ్యం సీసీ కెమెరాల్లో రికార్డయింది. వంతెనను మూసేసి, నిపుణుల పరిశీలన తర్వాత వేగ నియంత్రణలతో 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఏ దొంగ కోసమో, ఏ చలానా కోసమో పెట్టిన చూపు వంపు తిరిగిన రోడ్డు మీది ప్రమాదానికి సాక్ష్యంగా నిలిచింది. ఏ బరువుల పటంలోనూ అంతకుముందు ఆ చోటుకు ఘటనల చరిత్ర లేదు, వంతెన వయసే పందొమ్మిది రోజులు.

ఆ తర్వాత 2022 నవంబరు 25న శిల్పా లేఅవుట్ వంతెన, 2023 జనవరి 1న కొత్తగూడ వంతెన తెరుచుకున్నాయి. వంతెన లేచిన ప్రతిచోటా దాని పైభాగం కింది స్తంభాల కెమెరాలకు కనబడదు, దాని కింది నీడ పగటిపూట కూడా వేరే లెన్సు అడుగుతుంది. పాత కవరేజీ మ్యాపులో ఆ కూడళ్లకు పూసిన రంగు మాత్రం మళ్లీ సర్వే చేసేదాకా అలాగే ఉంటుంది.